వైఫై యంత్రమున వరుసక్రమము

వైఫై యంత్రమును గోడకు బిగించి, దాని దీపము వెలిగినంతనే పని ముగిసినదని పలువురు తలంతురు. మేము గణితము బోధించువారమే గాని యింజనీరులము కాము. అయినను, ఆ యంత్రమున ఎవరి వార్త ముందు పోవలయునో నిర్ణయించు నియమముల నమర్చు పని యీ సంవత్సరము మాపాల బడెను. అందు తెలిసికొన్న సంగతులు మా విద్యార్థులకును తోడి యుపాధ్యాయులకును ఉపయోగపడునని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తొమ్మిదవ తరగతి బాలుడొకడు కాలు విరిగి నెలన్నర మంచము దిగలేదు. తరగతి బల్లపై నొక ఫోను నుంచి వానికి పాఠము వినిపించుచుంటిమి. ఉదయము మాట స్పష్టముగ నుండెడిది. మధ్యాహ్నము కంప్యూటరు గది తెరచినంతనే అది ముక్కలు ముక్కలయ్యెడిది. వాని ప్రశ్న మాకు సగమే వినబడుచుండుటచే, తుదకు వాడు ప్రశ్నించుటయే మానెను. అంతర్జాలపు వేగమును పెంచవలెనని కొందరనిరి. కాని మాటకు వేగముతో అంత పని లేదు. సాధారణ పద్ధతిలో 20 మిల్లీసెకన్ల మాట నొక ప్యాకెట్టుగ కట్టి, సెకనుకు 50 ప్యాకెట్లు పంపుదురు, అన్నియు చిన్నవే. అవి సమయమునకు చేరవలయును, అంతియే. ఒక వైపు ప్రయాణము 150 మిల్లీసెకన్లు దాటకుండుట సంభాషణకు మంచిదని అంతర్జాతీయ టెలికాం సంఘము వారి సిఫారసు. పెద్ద ఫైలు ఒక సెకను ఆలస్యమైనను అడుగువారుండరు.

ఒక ఛానెలులో ఒకేసారి ఇద్దరు పలికినచో సాధారణముగ ఇద్దరి వార్తయు చెడును. కావున ప్రతి పరికరమును కొంత ఆగి, చీటి తీసినట్లు ఒక సంఖ్యను తీసికొని, దానిని సున్న వరకు లెక్కించి పంపును. ఒక్కొక్క లెక్కకు 5 గిగాహెర్ట్జ్ పట్టీలో 9 మైక్రోసెకన్లు. అందరికి నొకే నియమమున్న యీ పద్ధతిని చదివినపుడు, బేతెస్ద కోనేటియొద్ద 38 సంవత్సరములు రోగియైయున్న మనుష్యుడు మాకు జ్ఞప్తికి వచ్చెను. అచ్చట ముందు దిగినవానికే స్వస్థత. దింపువాడు లేనివాడు చూచుచుండవలసినదే.

2005లో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ 802.11ఇ అను ప్రమాణముచే నాలుగు తరగతుల నేర్పరచెను: మాట, వీడియో, సాధారణము, వెనుకపని. మాట 0 నుండి 3 వరకు, వీడియో 0 నుండి 7 వరకు, తక్కిన రెండును 0 నుండి 15 వరకు చీటి తీయును. ఢీకొన్నపుడెల్ల ఈ హద్దు పెరుగును. మాటకు 7తో ఆగును, సాధారణమునకు 1023 వరకు పోవును. ఇందుచే మాటకు ఎల్లపుడును విజయమని కాదు; చీటి దానివైపు మొగ్గియుండును, అంతే.

మా యంత్రమున ఈ యేర్పాటు ముందే యుండెను. మరి మాట యేల తెగెను? ప్రతి ప్యాకెట్టు శిరస్సునందును డి.యస్.సి.పి. అను ఆరు బిట్ల గుర్తుండును. మాటకు వాడుక గుర్తు 46. దీనిని ద్విసంఖ్యామానమున వ్రాసిన 101110. పెక్కు యంత్రములు మొదటి మూడు బిట్లనే చూచును. 101 అనగా 5, అది వీడియో తరగతి! 46ను 6కు చేర్చవలెనని 2018లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 8325 చెప్పుచున్నది. ఆ ప్రకారము పట్టికను దిద్దితిమి. అయితే మన యంత్రము తాను పంపు వార్తలకే వరుస నిర్ణయించును. ఫోను పైకి పంపు మాటకు ఫోనే గుర్తు పెట్టుకొనవలయును, కొన్ని యాప్‌లు ఆ పని చేయనే చేయవు. అందుచే కంప్యూటరు గదిలోని ఒక్కొక్క పరికరమునకు వేగపు హద్దును గూడ విధించితిమి. పిమ్మట మధ్యాహ్నపు తరగతిలో బాలుని ప్రశ్న మొదటి యక్షరము నుండి వినబడెను.

అసలు చిక్కు తరువాత వచ్చెను. మార్కుల పట్టికలను గూడ మాట తరగతిలో చేర్చుడని కార్యాలయమువారు, తమ పాఠపు చిత్రములను చేర్చుడని ఒక మిత్రుడు కోరిరి. మేము ఒప్పుకొనలేదు. మాట తరగతికి గల చీటీలు నాలుగే. ఐదు పరికరములు ఒక్కసారి చీటి తీసినచో రెండింటికైన ఒకే సంఖ్య వచ్చి తీరును. అవి రెండును ఒకేసారి సున్నకు చేరి ఢీకొనును. ఇది పదవ తరగతివారికి నల్లబల్లపై చేసి చూపితిమి, వెంటనే గ్రహించిరి. మిత్రుడు నవ్వి యూరకుండెను. గుమాస్తాగారు మాత్రము ఇంకను సమాధానపడలేదు. పట్టికలు పోవుటకు మునుపటికంటె కొంత యెక్కువసేపు పట్టుచున్నదని వారి వాదము. అది నిజమే.