చప్పట్లు కొట్టే పగడాలు

పగడం అంటే మనకు తెలిసింది మంగళసూత్రాల పక్కన గుచ్చుకునే ఎర్రపూస, లేదా జ్యోతిష్కుడు చెబితే ఉంగరంలో పొదిగించుకునే రాయి. అది ప్రాణమున్న జీవి కట్టుకున్న ఎముక అంటే మా అత్తగారు యిప్పటికీ నమ్మరు. మధ్యధరా సముద్రంలో పుట్టే ఆ ఎర్ర పగడానికి చుట్టం వొకటి, ఎముక లేని మెత్తని చుట్టం, న్యూజెర్సీలో మా ముందుగదిలో 40 గాలన్ల గాజుతొట్టిలో కాపురం వుంటోంది. రెండింటికీ పువ్వుకు ఎనిమిదేసి రేకులు. పోలిక అక్కడితో సరి. ఎర్ర పగడం ఏడాదికి వొక్క మిల్లీమీటరు కూడా లావెక్కదు. మా తొట్టిలోది గుమ్మడితీగెను మించిపోయింది.

దాని పేరు జీనియా. పాలిపోయిన కాడ, దాని కొసన గుత్తిగా చిన్న చిన్న అరచేతులు. అవి పగలూ రాత్రీ మూసుకుంటూ తెరుచుకుంటూ వుంటాయి. మా అమ్మాయి దానికి ‘చప్పట్ల చెట్టు’ అని పేరు పెట్టింది. ఎందుకా చప్పట్లంటారా? దీని ఒంట్లో కంటికి కనబడని పాచి వుండి, వెలుతురుతో వంట చేసి పెడుతుంది. ఆ వంటలో పుట్టిన ఆక్సిజన్ అక్కడే పేరుకుంటే వంట మందగిస్తుంది. చేతులు ఆడిస్తే అది కొట్టుకుపోతుంది. ఎర్రసముద్రంలో దీని దాయాదిని పరీక్షించి 2013లో శాస్త్రజ్ఞులు తేల్చిన సంగతి యిది. మన విసనకర్ర లాంటిదే అనుకోండి.

యిచ్చిన మిత్రుడు ముందే చెప్పాడు, “యిది మంచి పిల్లే గాని, పక్కింటివాళ్ళ పెరట్లోకి పోతుంది. విడిగా వో రాయిమీద పెట్టు” అని. అలాగే యిసుక మధ్యన, తక్కిన రాళ్ళకు జానెడు దూరంలో పెట్టాను. ఆరు నెలలకు బొటనవేలంత మొక్క కాస్తా రాయంతా అయింది. ఎనిమిదో నెలలో ఎదుటి రాతిమీద ఆవగింజంత పిల్ల వొకటి వెలిసింది. తెగిన ముక్క నీటివాలున కొట్టుకుపోయినా చాలు, పడ్డచోట వేళ్ళూనుకుంటుంది. ఉప్పునీళ్ళు సరిగా వుండి (సాంద్రత 1.025, వేడి 78 డిగ్రీలు) చేపలకు వేసే తిండి కాస్త మిగులుతుంటే దానికి పండగే. అలాగని నమ్మకం లేదు. వొక్కొక్కరి తొట్టిలో ఏ కారణమూ చెప్పకుండా రెండు రోజుల్లో కరిగిపోతుంది కూడా.

ఆ పిల్ల వెలిసిన చోటే చిక్కు వచ్చింది. దాని కిందనే వుంది మా ఆవిడ మెదడు పగడం. ఆకుపచ్చని మడతలతో, నిజంగా మెదడులాగే వుండే గట్టి పగడం. ఈ దేశానికి వచ్చి ఏళ్ళ తరబడి ఆమె ఉద్యోగం చేయడానికి వీల్లేక యింట్లో కూర్చుంది. నావంటి వీసా వాళ్ళలో కొందరి భార్యలకు ఆ అనుమతి దొరకడం మొదలైంది 2015లోనే. ఆమెకు ఆ కాగితం చేతికి వచ్చి, ఉద్యోగం దొరికి, మొదటి జీతం అందిననాడు చీర కొనుక్కుంటుందనుకున్నాను. పగడం కొనుక్కుంది. అప్పుడది నిమ్మకాయంత. యిప్పుడు బత్తాయికాయంత. అంతకే యిన్నేళ్ళు పట్టింది. పక్కన ఎవరైనా చేరితే రాత్రివేళ పొడుగాటి మీసాలు చాచి కుట్టగలదు గాని, నెత్తిన నీడ పడితే అదేం చేస్తుంది? జీనియా గొడుగు పట్టినవైపు మడతలు తెల్లబోవడం మొదలెట్టాయి.

“ఏమండీ, ఆ చప్పట్లు చాలు” అంది మా ఆవిడ.

“చంపుతావా అమ్మా?” అంది మా అమ్మాయి.

నడుమ నేను, కత్తెర పట్టుకుని. జీనియాను నీళ్ళలోనుంచి పైకి తీస్తే వచ్చే వాసన వర్ణించను. మీరు భోజనం చేసి వుండవచ్చు. కాడ మొదలంటా కోసి, మిగిలిన మచ్చను బ్రష్షుతో గీకాలి. ఆ రోజు నీళ్ళు మార్చి, బొగ్గుపొడి సంచి కొత్తది వేయాలి. మెత్తని పగడాలు నీళ్ళలోకి వదిలే ఘాటు రసాయనాలు గట్టివాటికి పడవు. మా తొట్టిలో బొత్తాం పువ్వుల్లాంటి జోయాంథిడ్లు కూడా వున్నాయి. వాటిలో కొన్నింటిలో ప్రాణాంతకమైన విషం వుంటుంది గనుక చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు లేనిదే నేను ఆ పనికి దిగను. ఆ రాళ్ళను వేడినీళ్ళలో వేసి ఉడికించడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. ఆవిరితో ఆస్పత్రి పాలయినవారు వున్నారు.

కోసిన ముక్కలను సముద్రంలో వదిలేద్దామని మా అమ్మాయి సలహా. వెనిజులా కథ చెప్పాను. అక్కడి మోచిమా తీరంలో జీనియా కుటుంబానిదే వొకటి, ఆక్వేరియం వ్యాపారంతో వచ్చిందని భావిస్తున్నది, సొంత పగడాలమీద దుప్పటిలా పరుచుకుపోయింది. 2020లో హవాయిలో పెర్ల్ హార్బర్‌లోనూ అదే కనబడింది. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే సీసాలు తెచ్చింది. ఆరు ముక్కలు తోటి అభిరుచి వాళ్ళకు యిచ్చాం. వొక్కటి పడకగదిలో దాని సొంత చిన్న తొట్టిలో వుంది. తక్కిన రాళ్ళతో దానికి పొత్తు లేదు.

మెదడు పగడానికి తెల్లబడ్డ మేర సగం మళ్ళీ పచ్చబడింది. మా ఆవిడ రోజూ ఆఫీసుకు వెళ్ళేముందు చెప్పులు వేసుకుని, వొక్క నిమిషం వంగి చూస్తుంది. మొన్న ఆదివారం అద్దం వెనకమూల మరో ఆవగింజ కనిపించింది. చూసింది మా అమ్మాయే.

“నాన్నా, కత్తెర నేను పట్టుకోనా?” అంది.