పోచారము చెరువుగట్టున

సంక్రాంతి పోయిన నాలుగవనాడు మేము కామారెడ్డినుండి పోచారము చెరువు చూడ బయలుదేరితిమి. మేమనగా ఇంటి కోడండ్రమిద్దరము, అత్తగారు, ముగ్గురు పిల్లలు. 2023 డిసెంబరునుండి ఆర్టీసీ పల్లెబస్సులలో ఆడువారికి టిక్కెట్టు లేదు గనుక, ఖర్చని వంక చెప్పుటకు మగవారికి వీలు లేకపోయినది. చీకటితోనే లేచి, జొన్నరొట్టెలును పండుగనాటి సకినాలును మూటగట్టుకొని, ఎల్లారెడ్డిలో బస్సు మారి, ఎండ ముదరకముందే చెరువు చేరితిమి.

మంజీరలో గలియు ఆలేరు వాగునకు అడ్డముగా నిజాము కాలమున కట్టిన చెరువిది. 1922లో పని ముగిసినది. చుట్టునున్న అడవి ఒకప్పుడు నిజాము వేటకు విడిచినది. 1952లో దానిని వన్యమృగములకు అభయస్థానముగా ప్రకటించిరి. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట వైపు పొలములు ఈ నీటితోనే పండును. 2025 ఆగస్టు చివర మా కామారెడ్డిని ముంచిన వానలలో వరద ఈ కట్టమీదుగా పొరలి, ఒకప్రక్క మన్నును కోసికొనిపోయెను. రాతికట్ట మాత్రము నిలిచెను. ఆ సంగతి తలచుకొని అత్తగారు కట్టకు దూరమునుండియే చేతులు జోడించిరి.

చెరువు చుట్టివచ్చుట ఒక పూటలో కాదు. అంచువెంబడి బాట చదునుగా నున్నది. మోకాళ్ల నొప్పిగల అత్తగారు సయితము అరగంట కొకసారి కూర్చుండుచు నడిచిరి. నెత్తిన తెల్లబొట్టుగల నల్లని నీటికోళ్లు మందలుగా ఈదుచుండెను. ముక్కు మూసినను నడుమ సందు కనబడు కొంగలు బురదలో నత్తలను వెదకుచుండెను. ఆవల దిబ్బమీద బూడిదవన్నె బాతులు, తలపై రెండేసి నల్లని పట్టెలు గలవి, ఎండ కాగుచు కదలక నిలిచియుండెను. ఇవి టిబెట్టు, మంగోలియా దేశముల సరస్సులలో పిల్లలను చేసి, చలికాలమునకు హిమాలయములు దాటి మన చెరువులకు వచ్చును. ఏడువేల మీటర్లకు పై ఎత్తున ఎగిరినట్లు వాటికి యంత్రములు కట్టి కనుగొనిరి. గాలి పలుచనైన ఆ చోటను ప్రాణవాయువును గట్టిగా పట్టుకొను గుణము వాటి నెత్తురునకు గలదట.

ఇంత చెప్పిన తరువాత పిల్లలు ఊరకుందురా? ఎగిరినప్పుడు చూడవలెనని చిన్నవాడు రాయి అందుకొనెను. దాచనేల, మాకును ఆ కోరికయే కలిగినది. వానిని వారింపక, ఫోను తీసి సిద్ధముగా పట్టుకొంటిమి. రాయి నీట పడినది. దిబ్బంతయు ఒక్కసారి లేచినది. మా తలలమీదుగా రెక్కల చప్పుడు పోయినది.

వల ఎండవేయుచున్న ఒక ముదుసలి మావైపు చూచి, “ఎందుకు లేపినరమ్మా? రాత్రంత పొలాలల్ల మేసి ఇప్పుడిప్పుడే వాలినయి. పండుకోనియ్యరాదుండ్రి” అనెను. కేకలు వేసినను ఇంత సిగ్గు కలుగకపోవును. పక్షులు చాలసేపు తిరిగి తిరిగి ఆవలి యొడ్డున దిగెను. మరల ఈ దిబ్బకు రాలేదు. ఫోనులోని బొమ్మ మసకగా పడినది.

తరువాత మాట్లాడక నడిచితిమి. ఒక మలుపున నారింజవన్నె పక్షులు రెండు, ప్రక్కప్రక్కన ముక్కులు రెక్కలలో దూర్చి కూర్చుండెను. “ఇవి జక్కవలు” అని తోడికోడలు మెల్లగా చెప్పినది. కావ్యములలో పగలు కూడియుండి, రాత్రి విడిపోయి, ఒకదాని నొకటి పిలుచుకొను జక్కవలు ఇవియే. కవులు శాపమనిరి; ఇవి మేతకు పోవుట ఎక్కువగా రాత్రివేళ, చీకటిలో దూరదూరముగా అరచుకొనుట నిజమే. చిన్ననాట పద్యములో చదివి అర్థము వ్రాసికొన్న మాటయే గాని, దానికి ముక్కు, రెక్క యుండునని మాకు తోచియుండలేదు.

మామగారు పోయి ఆరేండ్లయినది. అత్తగారు ఆ జంటను చాలసేపు చూచి, “తెల్లవారినంక కలుస్తయి గద” అని మాత్రము అనిరి. మేము బదులు చెప్పలేదు. ఆమె ప్రక్కన గట్టుమీద కూర్చుంటిమి. చిన్నవాడు చేతిలోని సకినమును విరుచుటకు కూడ జంకి, చప్పుడగునని నోటిలోనే నానబెట్టుకొనుచుండెను.

ఎల్లారెడ్డి బస్సు పండ్రెండింటికని చెప్పిరి. దాని కందక రెండింటి బస్సునకు పోయితిమి.