బెల్లం కలిపి కట్టిన ఇళ్లు

మాది గరివిడి. ఫెర్రో ఎల్లాయ్స్ ఫ్యాక్టరీ పక్కన పెరిగాను. ఒక టన్ను ఫెర్రో మాంగనీసు తీయాలంటే కొలిమికి వేల యూనిట్ల కరెంటు కావాలన్న మాట చిన్నప్పటి నుంచీ విన్నదే. అలాంటి నాకు, ఒక్క యూనిట్టు కూడా అక్కర్లేని ఊరొకటి ఇంత దగ్గర్లో ఉందని మొన్నటిదాకా తెలీదు!

శ్రీకాకుళం జిల్లా హిరమండలం దగ్గర, అంతకాపల్లి పక్కన ఉన్న కూర్మగ్రామం అది. రైల్లో శ్రీకాకుళం రోడ్డు, బస్సులో హిరమండలం, ఆపైన ఆటో. దిగి నడుస్తుంటే కళ్ల కంటే ముందు చెవులకి తెలిసింది. మోటారు లేదు, టీవీ లేదు, ఫోను మోగదు. ఎక్కడో దూడ అరుస్తోంది. గురుకులం పిల్లలు గొంతు కలిపి సంస్కృతం వల్లిస్తున్నారు. అంతే.

నేను చెప్పి వెళ్లలేదు, అక్కడ ఎవరినీ ఎరగను. పంచె కట్టుకుని నుదుట తిలకం దిద్దుకున్న ఒకాయన ఎదురొచ్చి, "హరేకృష్ణ! ఎండన పడి వచ్చారు ప్రభూ, ముందు ప్రసాదం తీసుకోండి" అన్నారు. ఏ ఊరు, ఎవరి తాలూకా అన్న ప్రశ్నలన్నీ విస్తరి ముందు కూర్చున్నాకే. కట్టెల పొయ్యి మీద వండిన అన్నం, పప్పు, తోటకూర. "బియ్యం ఎక్కడివండీ?" అని అడిగితే, ఆయన ఎదురుగా ఉన్న మడి వైపు చెయ్యి చాపారు.

ఇక ఆ ఇళ్లు! సిమెంటు లేదు, ఇనుము లేదు. ఇసుక, సున్నం, బెల్లం, మినుములు, మెంతులు, కరక్కాయ కలిపిన అడుసుతో కట్టిన గోడలు. పప్పు, పాయసం వండే దినుసులతో ఇల్లు లేస్తుందంటే నమ్ముతారా? మిట్టమధ్యాహ్నం గోడకి అరచెయ్యి ఆనించి చూశాను. కుండలో నీళ్లలా చల్లగా ఉంది. గానుగ సున్నం పని తాతలతోనే పోయిందనుకున్నాను. పోలేదు.

బట్టలు మగ్గం మీద వాళ్లే నేసుకుంటారు, కుంకుడుకాయతో ఉతుక్కుంటారు. వచ్చేటప్పుడు రైలు పొందూరులో ఆగింది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి సన్నఖద్దరు తీసిన సీమ మనది. ఈ మగ్గం ఇక్కడికి కొత్తగా రాలేదనిపించింది.

ఊరు మాత్రం కొత్తదే. ఇంగ్లండులో పుట్టిన ఇస్కాన్ సన్యాసి భక్తివికాస స్వామి ఆధ్వర్యంలో 2018లో, సుమారు 60 ఎకరాల్లో మొదలైంది. ఇస్కాన్ వాళ్లు 1968లోనే అమెరికాలో, వెస్ట్ వర్జీనియా కొండల్లో న్యూ వృందావన్ పేరుతో ఇలాంటి ఊరు కట్టారు. ఆ ఆలోచన అంత దూరం తిరిగి వంశధార ఒడ్డుకు చేరిందంటే ఒళ్లు పులకరించింది. మంచి జీతాలు వదులుకుని వచ్చినవాళ్లూ ఇక్కడున్నారు. వాళ్ల నియమాలన్నీ పాటించడం నావల్ల అవుతుందని అనను. కానీ ఆ ముఖాల్లోని నిమ్మళం మాత్రం నిజం.

రాత్రి నూనె దీపాలు మలిపాక బయటికొచ్చి తలెత్తాను. ఇన్ని చుక్కలా! మా ఊరి మీదా ఇవే ఉంటాయి కదా, ఇన్నేళ్లూ చూడనేలేదు.

ఊరు మూడున్నరకే లేచింది. హారతి, జపం అయ్యాక మడికి వెళ్తున్నవాళ్ల వెనకే నడిచాను. చుట్టమని గట్టు మీద కూర్చోబెట్టలేదు. చేతికి కొడవలి ఇచ్చి, దుబ్బు ఎలా పట్టుకోవాలో ఒక కుర్రాడు చూపించాడు. మర్యాద అంటే నాకు అప్పుడు అర్థమైంది. పొద్దెక్కేసరికి నేను కోసిన వరి కూడా పనల్లో కలిసిపోయింది, ఏది ఎవరిదో తెలీకుండా.

వస్తుంటే గుడ్డమూటలో బియ్యం పెట్టిచ్చారు. ఇంటికొచ్చి మూట విప్పితే, అమ్మ గుప్పెడు తీసి వాసన చూసింది. "మీ తాత పండించినవి ఇలాగే ఉండేవిరా" అంది. వచ్చే కోతలకి అమ్మనీ తీసుకెళ్తున్నాను.