ఏ దిక్కు కొయ్యాలె

నవంబర్ 3, 2024
పాతింటి దూలం ఇయ్యాల కోరుట్ల కోతమిషన్ల పడ్డది. ఇంకా నూనె వాసన పోలె. గిటార్‌కని చెప్పిన. "టేకు గదా, దర్వాజకు పనికొచ్చు" అన్నడు బాపు. అంతే.
అందరు మహాగనే అంటరు. రుద్రంగిల నాకు మహాగని ఎవడు తెచ్చిస్తడు? టేకు బరువు. వెనక దిక్కు కొంత తోడాలె, లేకుంటే భుజం గుంజుతది.

నవంబర్ 7
స్కేలు, అంటే తీగ పలికే పొడుగు. రాత్రంత ఇదే. ఫెండర్ తీరు 25.5 అంగుళాలా, గిబ్సన్ తీరు 24.75 ఆ? పొడుగుదైతే తీగ బిగువుగ పలుకుతది. నాకు అదే కావాలె. దుబాయి క్యాంపుల ఫోన్ల వీడియోలు చూసినప్పటి సంది అదే.
పొడుగును 17.817తోని భాగిస్తే మొదటి ఫ్రెట్. మిగిలినదాన్ని మళ్ల దాంతోనే. పన్నెండోది సరిగ్గ సగం కాడ వచ్చి కూసుంటది. మంచిగనిపిస్తది.
ఎడమ చెయ్యి సంగతి తర్వాత.

నవంబర్ 12
అట్ట మీద గీతలు గీసి వేళ్లు పెట్టి చూసిన. మొదటి నాలుగు ఫ్రెట్లు, 25.5కు 134 మిల్లీమీటర్లు. 24కు 126. తేడా ఎనిమిదే. ఉంగరపు వేలికి మాత్రం... మీది కణుపు లేనోనికి ఎనిమిదంటే ఎంతో.
1962ల ఫెండర్ జాగ్వార్ 24తోనే వచ్చింది. బిగువు పదకొండు శాతం దాక తగ్గుతది. 8 నంబరు తీగలేస్తే ఇంకా మెత్తన. గట్టిగ కొడితే శ్రుతి కదులుతది, మెల్లగ కొట్టాలె. నేను మెల్లగ కొట్టెటోన్నా?

నవంబర్ 15
కార్తీక పున్నమి. వేములవాడ బస్సులల్ల నిలబడ జాగ లేదు. అవ్వ పోయొచ్చింది. ఏం మొక్కిందో అడుగలె.
గిటార్ కొట్టే టోనీ అయోమీ యాదికొచ్చిండు. రేకుల ఫ్యాక్టరీల పని, 17 ఏండ్లు, అదే ఆఖరి రోజు. రెండు వేళ్ల కొసలు పోయినయి. ప్లాస్టిక్ కరిగించి టోపీలు చేసుకున్నడు, మీద తోలు. ఆయనది ఎడమ చేతివాటం, తీగ నొక్కేది కుడిచెయ్యి. పోయింది ఆ చేతియే. చేతులు మాత్రం మార్చుకోలె.
నేను మార్చుకుంటే? కుడి చేత్తోని నొక్కి... ఇన్నేండ్ల సాధన?

నవంబర్ 19
వడ్ల తాత చెవుల పెన్సిల్ తీసి అడిగిండు, "కొమ్ము ఏ దిక్కు కొయ్యాలె కొడుకా?"
నోరు రాలె. రెండు దిక్కుల ఒక్క తీరుగ కొయ్యి తాతా అన్న. "ఎడ్ల కొమ్ములా?" అని నవ్విండు. ఆయన నా చెయ్యి దిక్కు చూడడు. చూసినా దాన్ని కొల్చినట్టే చూస్తడు, జాలి ఉండది. గిబ్సన్ ఎస్‌జీకి గూడ రెండు కొమ్ములే.
టేకుల నూనెకు జిగురు పట్టదు, అతికిచ్చే ముందు తుడువాలె అని చెప్పబోయిన. అప్పటికే థిన్నర్ గుడ్డ ఆయన చేతిల ఉన్నది.

నవంబర్ 24
సింగిల్ కాయిల్ పికప్ సప్పుడు పాణం. కానీ పక్కన వెల్డింగ్ షాపు, ఎనుక ట్రాన్స్‌ఫార్మర్. ఆంప్ పెట్టంగనే గుయ్యిమని 50 హెర్ట్జ్ మోత. హంబకర్ తప్పదు. రెండు చుట్లు ఎదురెదురు, అయస్కాంతాలు తలకిందులు. మోత మోతను తింటది, తీగ పలుకు మిగులుతది. 1955ల సేత్ లవర్ చేసిండు. మా వెల్డింగ్ అన్న కోసమేనేమో.

డిసెంబర్ 1
24. జిట్రేగి పలక మీద రంపం దిగింది, ఇగ మారది. ఫ్రెట్లు ఎత్తువి. వేలు చెక్కకు ఆనకముందే తీగ పలుకుతది, గట్టిగ నొక్కే పని లేదు.
బాపు వచ్చి చాన సేపు నిలబడ్డడు. "మళ్ల పోవా దుబాయి?"
ఇది ఐపోనీ అన్న. ఐపోతే ఏమంట?

డిసెంబర్ 8
పలక కొసకు తీగలు ఆనే నట్ మిగిలింది. లావు తీగ మీదికా, కిందికా? కొమ్ముల తీరుగ రెండు దిక్కుల కుదరది గదా.
మీదికే. పాత చేతి తీరే. బొక్క ముక్కలు రెండు తెప్పిచ్చిన, రెండోది గాడి కొట్టకుంట డబ్బల ఏసిన. ఎందుకో.
గాడి కొట్ట అంత సన్న ఆకురాయి ఇంట్ల లేదు. వెల్డింగ్ అన్న గ్యాస్ నాజిల్ తోమే సూదులిచ్చిండు. రేపు షాపు తెరిచేసరికి తెచ్చియ్యమన్నడు.