ఖాళీగా ఉంచిన స్లాట్

సికింద్రాబాదులో ప్యారడైజ్ కూడలికి చేరువన, పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను ఆ పేరుతో పిలిచేవారు తక్కువ. అందరికీ అది సీటీసీ. కంప్యూటర్ విడిభాగాలు కావలసినవారు, పాడైనవాటిని బాగుచేయించుకోదలచినవారు అక్కడికే చేరుతారు. ఇంటర్మీడియట్ ముగించిన మా అబ్బాయి తన కంప్యూటర్‌ను తానే బిగించుకుంటానని పట్టుబట్టగా, 2023 వేసవిలో, రంజాన్ ముగిసిన పిమ్మట, మేమిద్దరమూ వాడి వెంట ఆ అంగళ్ళ మెట్లు ఎక్కాము.

వాడు కోరినది ఆటల కోసం కంప్యూటర్. దానిని చదువు పేరు చాటున దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పినందుకు మాకు సంతోషమే కలిగింది. "ఇంత సొమ్ము ఆటలకా, బేటా?" అని వాడి దాదీమా అడిగారు. గంటకింత అని వసూలు చేసే గేమింగ్ పార్లర్‌లో వాడు ఇషా దాటిన తరువాత కూడా ఉండిపోతున్నాడు. అదే ఆట మన హాలులో, మన కళ్ళెదుట సాగితే మేలు కదా అన్నాము. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. ఆ సందేహమే చివరి దాకా మా లెక్కను అదుపులో ఉంచింది.

చేతిలో ఉన్నది 45,000 రూపాయలు. మా వీధి స్త్రీలు నెలనెలా వేసుకునే, వడ్డీ లేని బీసీలో మా వంతుగా వచ్చిన మొత్తమది. వాయిదాలలో తీసుకుంటే ఇంకా మంచి భాగాలు వస్తాయని ఒక అంగడివారు ఆశపెట్టారు, అదీ వడ్డీ లేని వాయిదాయేనని. కాగితం అడిగి చదివితే వడ్డీ ఒక వరుసలో, ఆ వడ్డీపై జీఎస్టీ మరో వరుసలో ఉన్నాయి. ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపారు. పేరు మారినంత మాత్రాన వడ్డీ వడ్డీ కాకపోదు. కాగితాన్ని మడిచి తిరిగి ఇచ్చేశాము.

వాడి మొదటి జాబితాలో గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే సగం సొమ్మును మింగింది. వాడిన కార్డులు చవకగా దొరుకుతాయని ఒకరు సలహా ఇచ్చారు. 2022 సెప్టెంబరులో ఈథీరియం పద్ధతి మారి, కార్డులతో ఆ నాణేలను 'తవ్వే' పని నిలిచిపోవడంతో, రాత్రింబవళ్ళు నడిచిన కార్డులెన్నో అమ్మకానికి వచ్చాయి. వాటిలో మంచివీ ఉంటాయి. కానీ వారంటీ లేని కార్డు మంచిచెడ్డలు చూసి పట్టగల నేర్పు మా ఇంట ఎవరికీ లేదు.

దారి చూపినది అబ్బాయే. "అబ్బూ, కార్డు లేకుండానే మొదలుపెడదాం" అన్నాడు. రైజెన్ 5 5600జి అనే ప్రాసెసర్‌లో ఆరు కోర్లతో పాటు తెరపై బొమ్మను చూపే భాగం కూడా లోపలే ఉంటుంది. పేరు చివర 'జి' లేని 5600లో ఆ భాగం ఉండదు. కార్డు లేనిదే తెర వెలగదు. లోటునూ వాడే చెప్పాడు: జి లేనిదానిలో ఎల్3 కాష్ 32 ఎంబీ, దీనిలో 16 మాత్రమే, రేపు కార్డు పెట్టినప్పుడు ఆటలో ఆ తేడా కొంత తెలుస్తుంది. తెలిసే ఒప్పుకున్నాము. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌కు వెళితే ముందుముందు వచ్చే ప్రాసెసర్లను అందులోనే మార్చుకోవచ్చు గాని, దానికి డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి, బోర్డు ధరా ఎక్కువ. పాత ఏఎం4తోనే సరిపెట్టుకున్నాము.

ర్యామ్ 16 జీబీ అనుకున్నాము. ఒకే పలక చాలునని అంగడిలో అన్నారు. వాడు 8 జీబీ పలకలు రెండు అడిగాడు. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగానికి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోంచే వాటా తీసుకుంటుంది. పలకలు రెండైతే రాకపోకలకు దారులు రెండు. ఒకే పలకతో ఆట తడబడుతుందన్న వాడి మాటకు అంగడివారు నవ్వి రెండు పలకలు తీసి ఇచ్చారు.

మేము గట్టిగా పట్టుబట్టినది ఒక్క ఎస్‌ఎంపీఎస్ విషయంలోనే. చవక క్యాబినెట్‌లో ముందే బిగించి వచ్చే ఎస్‌ఎంపీఎస్‌పై 450 వాట్లు అని అచ్చు వేసి ఉన్నా, చేతిలోకి తీసుకుంటే దూదిపింజలా తేలిక. మా వీధిలో వానాకాలమంతా కరెంటు వచ్చిపోతూ ఉంటుంది. అది కాలిపోతే ఒంటరిగా పోదు, మదర్‌బోర్డును వెంట తీసుకుపోతుంది. ప్రాసెసర్‌కు 65 వాట్లు, రేపు పెట్టదలచిన ఆర్ఎక్స్ 6600 కార్డుకు 132 వాట్లు. మిగిలినవన్నీ కలిపినా 300 దాటవు. అయినా 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు గల 550 వాట్లది విడిగా కొన్నాము. క్యాబినెట్ ముందువైపు గాజుపలక కావాలని వాడి మనసు. మే నెల ఎండలను చూపి జాలీ ఉన్నదే తీసుకున్నాము.

చివరికి చిక్కు విండోస్ దగ్గర వచ్చింది. "ఉచితంగా వేసి ఇస్తాము, అందరూ అంతే" అన్నారు ఒక అంగడిలో. లైసెన్సు లేనిది మా ఇంటికి రాదన్నాము. లినక్స్ నిజంగానే ఉచితం, చాలా ఆటలు దానిపై ఆడుతాయి. కానీ వాడి స్నేహితులంతా ఆడే వాలరెంట్ దానిపై నడవదు. ఎస్‌ఎస్‌డీని 1 టీబీ నుండి 500 జీబీకి తగ్గించి, కొత్త మానిటర్ ఆశ వదిలి, ఇంట్లోని పాత మానిటర్‌నే తుడిచిపెట్టి, మిగిలిన సొమ్ముతో లైసెన్సు కొన్నాము. వాడి ముఖం కాసేపు చిన్నబోయింది. బిల్లు లేకుండా తీసుకుంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుందని మరొకరు ఊరించారు. ప్రతి భాగానికీ సీరియల్ నంబరుతో సహా బిల్లు రాయించుకున్నాము.

జొహర్ తరువాత హాలులో చాప పరచి మొదలుపెడితే, మగ్రిబ్ అజాన్ వేళకు తెర వెలిగింది. స్క్రూలు అందించినది వాడి చెల్లెలు. ఆదివారాలు తనవని అప్పుడే మాట తీసుకుంది. మదర్‌బోర్డుపై కార్డు పెట్టవలసిన పొడవాటి స్లాట్ ఇంకా ఖాళీగానే ఉంది. పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పి వాడు కూడబెట్టిన డబ్బాలో ఇప్పటికి 6,000 చేరాయి. మొన్న దాదీమా తన ఈదీ నుండి 500 తీసి, ఎవరికీ చెప్పవద్దంటూ, అందులో వేశారట.