నట్టు కూర్చుందా?

మావాడికి పదిహేడేళ్లు. వాడి కారుకి ఇరవై ఎనిమిదేళ్లు. 2023 వేసవిలో ఆ కారు మా ఇంటి ముందుకొచ్చి ఆగినప్పుడు మా ఆవిడ అన్న మొదటి మాట, "ఇందులో మనం ముగ్గురం ఎలా పడతాం?" అని. పట్టం. దానికి ఉన్నవి రెండే సీట్లు.

మేముండేది అమెరికాలో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. ఇక్కడ మన పిల్లలు అమ్మానాన్నల పాత క్యామ్రీయో అకార్డో నడపడం మామూలు. మావాడు మాత్రం సెలవుల్లో కిరాణా స్టోరులో సామాన్లు సర్ది పోగేసుకున్న డబ్బుతో 1995 నాటి మాజ్దా మియాటా కొన్నాడు. టాపు మడిచేసుకుని తిరిగే చిన్న స్పోర్ట్స్ కారు అది. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు. 2016కల్లా పది లక్షల కార్లు తయారయ్యాయంటే దానికున్న అభిమానులెందరో ఊహించుకోవచ్చు. బరువు వెయ్యి కిలోలకు కాస్త పైన. ఇంజను 1.8 లీటర్లు. తిన్నటి రోడ్డు మీద దీన్ని దాటిపోయే కార్లు బోలెడు. మలుపులో మాత్రం దీని సంగతే వేరు అంటాడు మావాడు.

నాకు కార్ల మీద అంత మోజు లేదు. లేదు అనడం కంటే, ఉంచుకోలేదు అనాలేమో. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రి. లారీల బాడీలు కట్టేవాళ్లు, కమాన్లు వేసేవాళ్లు, లేతు మిషన్లు, వెల్డింగ్ మెరుపులు, పాత సామాన్ల కొట్లు... వాటి మధ్య ఒక రేకుల షెడ్డు నాన్నది. సెలవుల్లో అక్కడికి వెళ్లాలని నాకు ఉండేది. ఆయన పానా ముట్టుకోనిచ్చేవారు కాదు. "చేతులకి గ్రీజు అంటితే వదలదురా, పోయి చదువుకో" అనేవారు. చదువుకున్నాను. 1999లో కంప్యూటర్ల చేత పట్టుకుని ఇక్కడికొచ్చాను. అయినా ఎవరైనా కారు గురించి మాట్లాడితే "మాది ఆటోనగర్" అని మాత్రం దర్జాగా చెప్పుకునేవాణ్ని.

కారు కొన్న నెలకి మావాడి కన్ను చక్రాల మీద పడింది. దాని సొంత చక్రాలు 14 అంగుళాలవి. ఆ సైజులో మంచి పట్టున్న టైర్లు ఇప్పుడు పెద్దగా దొరకవట. 15 అంగుళాలవి వేస్తే టైర్లూ దొరుకుతాయి, చూడ్డానికీ బావుంటుందని వాడి వాదన. కొత్తవి కొనే తాహతు లేదు. ఎవరో ఒకాయన తన పాత హోండా సివిక్ ఎస్ఐ చక్రాలు నాలుగు, సగం అరిగిన టైర్లతో సహా 160 డాలర్లకి ఇస్తానన్నాడు.

స్పోర్ట్స్ కారుకి సివిక్ చక్రాలేమిటని నేను నవ్వాను. వాడు కాగితం తీసి లెక్క చెప్పాడు. రెండు కార్లకీ చక్రానికి నాలుగు బోల్టులే. ఆ నాలుగు బోల్టుల మధ్య నుంచి ఒక వృత్తం గీస్తే దాని వ్యాసం రెండిటికీ 100 మిల్లీమీటర్లే. బోల్టు మందం 12 మిల్లీమీటర్లు, మర ఒకటిన్నర, అదీ ఒకటే. చక్రం లోపలికి ఎంత, బయటికి ఎంత ఉంటుందనే కొలతా దాదాపు సరిపోయింది. వేరే కంపెనీల కార్లయినా అన్నదమ్ముల్లా ఉన్నాయనిపించింది.

ఆదివారం పొద్దున జాకీ ఎత్తి బిగించడం మొదలుపెట్టాం. చక్రాలమ్మినాయన నట్లు ఇవ్వలేదు. మాజ్దా నట్లే చేతిలోకి తీసుకుని మావాడు ఆగాడు.

"డాడీ, ఇవే వాడొచ్చా? హోండా వాళ్ల నట్లు వేరేలా ఉంటాయని ఎక్కడో చదివాను."

"మర పట్టిందా లేదా? పట్టింది కదా. నట్టు నట్టేరా."

"టార్క్ రెంచి కావాలంటారు. యాభై మైళ్లు తిరిగాక మళ్లీ చూసుకోవాలంట."

"మీ తాతయ్య దగ్గర ఏ రెంచి ఉందిరా? నలభై ఏళ్లు లారీలు నడవలేదా?" అంటూ వాడి చేతిలోంచి పానా తీసుకున్నాను. పదహారు నట్లూ నేనే బిగించాను. చివర్లో పానా మీద కాలేసి తొక్కాను కూడా. అలా తొక్కితే బోల్టు సాగిపోతుందని నాకు తెలీదు. పక్కింటివాళ్లు చూస్తుండగా చేతులు దులుపుకున్నాను. ఆ రోజంతా నడుం నొప్పితో పాటు చెప్పుకోలేని ఆనందం. నలభై ఎనిమిదేళ్లకి మొదటిసారి మా నాన్న పని చేశాననిపించింది.

తొమ్మిదో రోజు రాత్రి ఎనిమిది దాటాక వాడి నుంచి ఫోను. పని నుంచి ఇంటికొస్తున్నాడు. "డాడీ, స్టీరింగ్ ఊగిపోతోంది. ముందు నుంచి టక్ టక్ అని చప్పుడు. హైవే దిగి పక్కకి ఆపేశాను." వాడి గొంతు మామూలుగానే ఉంది. నా కాళ్లలోనే సత్తువ పోయింది.

వెళ్లేసరికి హజార్డు లైట్లు వేసుకుని, కారుకి దూరంగా గడ్డిలో నిలబడి ఉన్నాడు. ఎడమ వైపు ముందు చక్రానికి ఒక నట్టు లేదు. మిగిలిన మూడూ వేళ్లతో తిప్పితే తిరిగాయి. పానా అక్కర్లేదు, ఉత్త వేళ్లతో. హైవే మీద డెబ్బై మైళ్ల వేగంలో ఆ మూడూ ఊడి ఉంటే అన్న ఆలోచన ఆ రాత్రి నన్ను పడుకోనివ్వలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ లేపుతుంది.

కారుని బండి మీద ఎక్కించి ఇంటికి తెచ్చాం. అప్పటికి విజయవాడలో తెల్లవారింది. నాన్నకి వీడియో కాల్ చేశాను. డెబ్బై ఆరేళ్ల మనిషి, కాఫీ గ్లాసు పక్కన పెట్టి కళ్లజోడు సర్దుకున్నారు.

"నట్టు చూపించు."

చూపించాను.

"ఇప్పుడు చక్రం బొక్క చూపించు. దగ్గరగా. అందులో వేలు పెట్టి తిప్పు. ఏటవాలుగా ఉందా, గుండ్రంగా ఉందా?"

వేలు పెట్టాను. లోపల గిన్నెలా గుండ్రంగా ఉంది. నా చేతిలో ఉన్న నట్టు మూతి గరాటులా ఏటవాలుగా ఉంది. పదహారు సార్లు బిగించాను గానీ, ఒక్కసారీ ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

"గిన్నెలో గరాటు పెడితే ఎక్కడ ఆనుతుందిరా? అంచు మీద. సన్నటి గీతలా. ఎంత బిగించినా ఆ గీత మీదే బిగుస్తుంది. బండి అదిరేకొద్దీ ఆ అంచు అణిగిపోద్ది, నట్టు వదులవుద్ది. మర పడితే సరిపోదు, నట్టు కూర్చోవాలి. అది కూర్చోలేదు."

అసలు సంగతి అదీ. హోండా వాళ్లు తమ చక్రాలకి గుండ్రటి మూతి నట్లు వాడతారు. మాజ్దా వాళ్లవి 60 డిగ్రీల కోను. టయోటా వాళ్ల అలాయ్ చక్రాలకి చాలావరకు వాషరుతో బల్లపరుపుగా కూర్చునే నట్లు వస్తాయి. మర ఒకటే కావడంతో ఏ నట్టైనా ఏ బోల్టుకైనా ఎక్కేస్తుంది. పట్టకపోతే మనిషి ఆగుతాడు. పడితేనే ప్రమాదం. మన ఊళ్లో అలాయ్ చక్రాలు వేయించుకునేవాళ్లు కూడా బొక్కలు సరిపోయాయా అని అడుగుతారు గానీ, ఈ నట్లు ఈ చక్రానివేనా అని అడిగేవాళ్లు తక్కువే అనుకుంటాను.

నాన్న గ్లాసు తీసుకుని, మళ్లీ పెట్టేసి అడిగారు. "ఎవరు బిగించారు?"

"మేమే తాతయ్యా" అన్నాడు మావాడు.

"కాదు నాన్నా, నేను. వాడు అడిగాడు, నేనే వినలేదు."

తిడతారనుకున్నాను. కాసేపు తెర మీద ఆయన నుదురు తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత నెమ్మదిగా, "నీకు నేనెప్పుడు నేర్పాను గనక" అన్నారు. అని, ఆ మాట అక్కడే వదిలేసి మనవణ్ని పిలిచారు. "ఏరా బంగారం, వెర్నియర్ ఉందా నీ దగ్గర?"

అక్కణ్నుంచి వారం రోజుల పాటు మా గ్యారేజీలో మేస్త్రి ఆయనే. ఫోను టైరుకి ఆనించి పెట్టేవాళ్లం. మావాడికి వచ్చే తెలుగూ ఆయనకి వచ్చే ఇంగ్లీషూ కలిసి ఒక కొత్త భాష పుట్టింది. వెర్నియరుతో కొలిస్తే ఇంకో తేడా బయటపడింది. చక్రం మధ్య కన్నం హోండాది 56.1 మిల్లీమీటర్లు. మియాటా హబ్ 54.1. అంటే చక్రం హబ్ మీద బిగుతుగా కూర్చోకుండా చుట్టూ ఒక మిల్లీమీటరు సందు వదిలేసింది. దాన్ని మధ్యలోకి తెచ్చి నిలబెట్టాల్సిన పని నట్ల మీద పడింది. ఆ నట్లేమో సరైనవి కావు. ఆ సందు పూడ్చడానికి రింగులు దొరుకుతాయి, అచ్చం గాజుల్లా ఉంటాయి. వాటిని చూసి మా ఆవిడ, "నా సైజువి కూడా ఉన్నాయేమో అడగరాదూ" అంది. ఆ వారంలో ఇంట్లో వినపడిన మొదటి నవ్వు అది.

టైర్లూ తేడానే. మియాటాకి కంపెనీ ఇచ్చినవి 185/60 ఆర్ 14. సివిక్‌తో వచ్చినవి 195/55 ఆర్ 15. లెక్క వేస్తే ఇవి నిలువులో దాదాపు 18 మిల్లీమీటర్లు పెద్దవి, అంటే మూడు శాతం. మీటరు 60 చూపిస్తే కారు 62 మీద పోతుంటుంది. 195/50 వేస్తే పాత ఎత్తుకి రెండు మిల్లీమీటర్లలోపే తేడా. ఈ లెక్క మావాడు ముందే చేశాడు, డబ్బుల్లేక ఆగాడంతే. ఆ డబ్బులు నేనిచ్చాను. అది నేను కట్టుకోవాల్సిన జరిమానా అనుకున్నాను.

ఊగిన చక్రాన్ని నాన్న పాస్ చేయలేదు. ఒక బొక్క కోలగా సాగిపోయింది. "దాన్ని పక్కన పడేయ్" అన్నారు. అలాంటిదే ఇంకోటి వెతకడానికి మావాడికి మూడు వారాలు పట్టింది. ఆ మూలనున్న నాలుగు బోల్టులూ కూడా కొత్తవి వేయించాం. పదహారు గుండ్రటి నట్లు తెప్పించాం.

బిగించే రోజు మావాడు టార్క్ రెంచి అరువు తెచ్చుకున్నాడు. "తాతయ్యా, మాన్యువల్లో 65 నుంచి 87 పౌండ్ ఫుట్ అని ఉంది. 80 పెడుతున్నా" అన్నాడు. అదేం లెక్కని ఆయన అడిగారు. ఒక అడుగు పొడవున్న పానా చివర 80 పౌన్ల బరువు వేలాడదీస్తే ఎంతో అంత అని వాడు చెప్పాడు. ఆయన మనసులోనే గుణించుకున్నారు. "ముప్ఫై ఆరు కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తా ఒకటిన్నర. రెండడుగుల గొట్టం తొడిగితే అందులో సగం చాలు. అవును, అంతే ఉండాలి." జీవితంలో టార్క్ రెంచి పట్టుకోని మనిషి. చేతికి తెలిసిన బరువుని అంకెలో వినడం ఆయనకి అదే మొదటిసారి కాబోలు, మళ్లీ ఒకసారి చెప్పించుకున్నారు.

పానా ఈసారి వాడి చేతిలోనే ఉంది. ఒకటి బిగించి, దాని ఎదురుగా ఉన్నది బిగించి, తర్వాత మిగిలిన రెండూ. నా పని టార్చి పట్టుకోవడం. బిగించాక ప్రతి నట్టు మీద నుంచి చక్రం మీదకి సుద్దముక్కతో ఒక తిన్నటి గీత గీయమన్నారు నాన్న. నట్టు కదిలితే గీత విరుగుతుంది, దూరం నుంచే కనపడుతుంది.

అంతా అయిపోయిందనుకుని జాకీ దించుతుంటే, "స్టెప్నీ సంగతేంటి?" అన్నారు.

నాకర్థం కాలేదు. మావాడు ఒక్క క్షణం ఆలోచించి నెత్తి కొట్టుకున్నాడు. డిక్కీలో ఉన్న స్టెప్నీ మాజ్దాది. దానికి కోను నట్లే కావాలి. దారిలో పంక్చరై ఈ గుండ్రటి నట్లతో స్టెప్నీ బిగిస్తే మళ్లీ అదే తప్పు, అటుదిటు తిరిగినట్టు. పాత నట్లలోంచి మంచివి నాలుగు ఏరి, నా చేతిరుమాల్లో మూటగట్టి స్టెప్నీ పక్కన పెట్టాం. మూట మీద తెల్ల టేపు అంటించి ఏం రాయాలని మావాడు అడిగాడు. "తెలుగులో రాయి, నాకు చూపించు" అన్నారు నాన్న. ఆదివారం బడిలో నేర్చుకున్న అక్షరాలు పోగేసుకుని వాడు 'స్టెప్ని నట్లు' అని రాసి ఫోనుకి చూపించాడు.

"ని కాదురా, నీ. దీర్ఘం" అన్నారు.

ఆ తర్వాతి శనివారం రాత్రి మళ్లీ విజయవాడ నుంచి ఫోను వచ్చింది. నాకు కాదు, నేరుగా మావాడికి. పక్క గదిలోంచి విన్నాను.

"యాభై మైళ్లు తిరిగాయా?"

"అరవై రెండు, తాతయ్యా."

"గీతలు చూశావా?"

"పదిహేను స్ట్రెయిట్‌గా ఉన్నాయి. ఒకటి కొంచెం... ఇంత... జరిగింది. రెంచితో మళ్లీ చూశాను."

"ఏ మూల?"