మా బడి వాన బోర్డు

ఈ సంవత్సరపు సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాయుడని సంపాదకవర్గములోని విద్యార్థులు నన్ను కోరిరి. పాఠములలో లేనిది వ్రాయవలెనని వారి షరతు. పాఠములకు వెలుపల నాకు తెలిసిన సంగతు లంతగా లేవు. ఒక్కటి మాత్రము కలదు. మన పాఠశాల వరండాలో, గంట వ్రేలాడు స్తంభము ప్రక్కన, చిన్న నల్లబోర్డు నొకదానిని మీరందఱు చూచియే యుందురు. దానిమీద ప్రతిదినము ఎవరో యొక విద్యార్థి ఎండ యెంత, గాలి యేవైపునుండి, సాయంకాలము వాన వచ్చునా రాదా యని సుద్దతో వ్రాయును. మీలో అనేకులు దానిని చూచి నవ్వుకొనుచు పోవుట నే నెఱుగుదును. ఆ బోర్డు మూలమున మొట్టమొదట నవ్వులపాలయినవాడను నేనే. ఆ కథ చెప్పెదను.

1990 వ సంవత్సరము మార్చి నెలలో నేనీ పాఠశాలలోనే తొమ్మిదవ తరగతి చదువుచు హాస్టలులో నుంటిని. మా సైన్సు మాస్టరుగారు ప్రయోగశాల బీరువానుండి ఒక బారోమీటరును, తడిగుడ్డ చుట్టినదొకటి చుట్టనిదొకటిగా రెండు థర్మామీటరులను, వాన కొలుచుటకు గరాటు అమర్చిన సీసా నొకదానిని బయటికి తీసి, “ఒరే, వీటిని ఇకమీదట నీవు చూచుకొనుము” అని నా కప్పగించిరి. ఆ బారోమీటరులో పాదరసము లేదు. గడియారమువలె గుండ్రని ముఖము, దానిపై నల్లని ముల్లు నుండెను. నల్లముల్లు ఎక్కడ నున్నదో గుర్తు పెట్టుకొనుటకు చేతితో త్రిప్పెడి ఇత్తడి ముల్లు మఱియొకటి యుండెను. పది గంటలకు బడి గంట కొట్టగానే యొకసారి, నాలుగు గంటలకొకసారి అంకె వ్రాసికొని, దానినిబట్టి మఱునాటి సంగతి బోర్డుమీద వ్రాయుట నా పని. అంతకుముం దెన్నడును నాకు ఏ పెత్తనమును దొరకలేదు. నాలుగు దినములు నేను తలయెత్తుకొని తిరిగితిని.

మొదటిదినము ఉదయము ముల్లు 1010 మిల్లీబారులు చూపెను, సాయంకాలము 1006. మా పుస్తకములో బారోమీటరు హఠాత్తుగా పడిపోయినచో తుఫాను రాగలదని స్పష్టముగా నుండెను. నేను సందేహింపక “రేపు గాలివాన” అని పెద్దక్షరములతో వ్రాసితిని. మఱునాడు ఆకాశము తుడిచిన పళ్ళెరమువలె నుండెను. ఆ సాయంకాలము ముల్లు మరల నాలుగు మిల్లీబారులు పడెను. నేను మరల “గాలివాన” యని వ్రాసితిని. మూడవనాడును అంతే. ఆ దినములలో హాస్టలు వంటామె మేడపై గుమ్మడి వడియములు ఎండబెట్టుచుండెను. పాపము, ఆమె నా మాట నమ్మి మూడు దినములు ఆ చాపలను క్రిందికి దించుటయు, ఎండ చూచి మరల పైకి మోయుటయు చేసెను.

నాలుగవనాడు మాస్టరుగారు నన్ను పిలిచి అసలు సంగతి చెప్పిరి. మూడు దినములు చెప్పక యూరకుండుట ఆయన పద్ధతి. మన ఉష్ణదేశములలో గాలి బరువు, సముద్రపు పోటుపాటులవలెనే, దినమునకు రెండుమార్లు హెచ్చి రెండుమార్లు తఱుగును. ఉదయము పది, రాత్రి పది గంటల ప్రాంతమున హెచ్చు. తెల్లవాఱుజామున నాలుగు, సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున తక్కువ. సూర్యుని వేడిమికి పైనున్న వాయుమండలమంతయు అలవలె ఊగుటయే దీనికి కారణము. వాన రానీ, రాకపోనీ, ఈ మూడు నాలుగు మిల్లీబారుల తేడా నిత్యమును ఉండును. చలిదేశములలో ఈ అల మిక్కిలి చిన్నది; మా పుస్తకములోని వాక్యము అక్కడి బారోమీటరును చూచి వ్రాసినది కాబోలు. కావున నేటి నాలుగింటి అంకెను నేటి పదింటి అంకెతో గాక నిన్నటి నాలుగింటి అంకెతో పోల్చవలెను. ఈ ఒక్కమాట నాకు ముప్పదియైదేండ్లుగా మఱపురాలేదు.

ఆ ప్రకారము పోల్చి చూచితిని. తేడా లేదు. “రేపు నిర్మలము” అని ధైర్యముగా వ్రాసితిని. మఱునాడు నాలుగున్నరకు పడమటి దిక్కున నల్లమబ్బు లేచి, పది నిమిషములలో దుమ్ము, దానివెంట చల్లగాలి, దానివెంట వాన వచ్చి, మేడపై చాపలతో గూడ వడియములు మునిసిపలు కాలువలో పడెను. వంటామె నన్నేమియు తిట్టలేదు. “అబ్బాయ్, నువ్వు వానంటే ఎండ, ఎండంటే వాన. నీ బోర్డు తిరగేసి చదువుకుంటే సరి” అని మాత్ర మనెను. ఆ మాట సాయంకాలపు భోజనములోగా హాస్టలంతయు ప్రాకెను.

రెండవ తప్పునకు కారణము వేఱు. చైత్ర వైశాఖములలో మనకు వచ్చు ఉఱుముల వాన బారోమీటరు ముందుగా చెప్పగలిగినది కాదు. అది పది పదిహేను మైళ్ళ వెడల్పుగల మబ్బు చేయు పని. పగటి యెండకు నేల కాలి గాలి పైకి లేచును. సముద్రమునుండి మధ్యాహ్నము వచ్చు తేమగాలి ఒకవైపు, పడమటి మెట్టనుండి వచ్చు పొడిగాలి ఒకవైపు కలిసికొన్నచోట ఆ లేచుట మఱింత బలమగును. మబ్బు రెండు మూడు గంటలలో పదిమైళ్ళ యెత్తునకు సైతము పెరుగగలదు. పైన అది పెనమువలె చదునై పఱచుకొన్నప్పుడు లోపల వాన తయారైనదని తెలియవలెను. పడుచున్న వానలో కొంత దారిలోనే ఆవిరియై గాలిని చల్లబఱచగా, ఆ చల్లగాలి బరువెక్కి నేలకు దిగి నలుదిక్కులకు పరుగెత్తును. వానకు ముందు తలుపులు కొట్టుకొను ఈదురుగాలి యిదియే. అది వచ్చిన క్షణమున బారోమీటరు దిగుటకు మాఱుగా ఒక్కగంతున పైకి లేచును! నేను దీనిని కన్నులార చూచితిని.

అప్పటినుండి మాస్టరుగారు నన్ను ముల్లునొద్దనుండి లేపి ఆవరణలోనికి తోలిరి. ఉదయము రెండు థర్మామీటరుల అంకెలకు నడుమ తేడా తక్కువగా నున్నదా, అనగా గాలిలో తేమ యున్నదా, ఒంటిగంటకు పడమట లేచిన మబ్బు అంచులు కాలిఫ్లవరు పువ్వువలె గట్టిగా నున్నవా, లేక దూదివలె విడిపోవుచున్నవా, సముద్రపుగాలి తాటాకులను ఏవేళకు కదల్చెను, ఇవి చూడవలెను. ఈ కాలపు మబ్బులు సామాన్యముగా వాయవ్యమునుండి వచ్చును గనుక తూర్పున నల్లబడినదానికి భయపడ నక్కఱలేదు. చీమలు గ్రుడ్లు మోయుట, తూనీగలు క్రిందుగా నెగురుట మొదలైన వాటిని గూడ వ్రాసికొంటిని. తూనీగలు నాకంటె ఎక్కువసార్లు తప్పినవని మాత్రము చెప్పగలను.

ఏప్రిలు నెలలో సెలవుల వఱకు తొమ్మిదిమార్లు వాన యని వ్రాసితిని. నాలుగుమార్లు వచ్చెను. నేను వ్రాయనిది రెండుమార్లు వచ్చెను. ఈ లెక్క చూచి నేను సిగ్గుపడగా మాస్టరుగారు, “వడియములు ఊరక మోసిన శ్రమ యెంత, తడిసిన నష్టమెంత? రెండు తప్పులును ఒక్క తూకమునకు రావు. ఏది పెద్దదో వంటామె నడుగుము” అనిరి. నే నడుగలేదు. ఆమె యెదుటికి పోవుటకే నాకు ధైర్యము లేకుండెను.

వేసవి సెలవులకు బారోమీటరును ఇంటికి తీసికొనిపోవుటకు మాస్టరుగారు అనుమతించిరి. మా ఊరు కృష్ణానది సముద్రములో కలియు ప్రాంతమునకు చేరువ. మా ఊరివాడే యింకొకడు హాస్టలులో నుండెను గనుక, నాకంటె ముందే నా కథ ఊరు చేరెను. నేను సంచి భుజమున వేసికొని బస్సు దిగగానే చెఱువుగట్టుననున్నవారు “తుఫాను పంతులుగారు వచ్చారు” అని పలుకరించిరి. ఆ పేరుతో పిలుచుట వారికి వేడుకయే గాని నాకు కాదు. మా ఊరిలో తుఫాను అను మాట హాస్యమునకు తగినదియు కాదు. 1977 వ సంవత్సరము నవంబరు 19 వ తేదీన దివిసీమపై పడిన ఉప్పెనలో మా నాయనమ్మ చెల్లెలి ఇంటివారందఱు పోయిరి. ఆ తుఫానులో మొత్తము పదివేలమంది వఱకు చనిపోయిరని లెక్క.

మే నెల మొదటివారమున బంగాళాఖాతములో వాయుగుండ మున్నదని విజయవాడ రేడియో చెప్పుచుండెను. అది ఎక్కడనో దక్షిణమున నున్నది, మద్రాసువైపు పోవునని ఊరిలో కొందఱి యభిప్రాయము. 7 వ తేదీ సాయంకాలము నాలుగింటికి నా ముల్లు 1003 చూపెను. ఇత్తడిముల్లును అక్కడ నిలిపితిని. 8 వ తేదీ నాలుగింటికి 999. ఈసారి నేను నిన్నటి నాలుగింటితోనే పోల్చితిని. నోరు తెఱచి చెప్పబోయి, “తుఫాను పంతులు” జ్ఞాపకము వచ్చి, రాత్రి పదింటివఱకు చూచి చెప్పెదననుకొంటిని. పదింటికి ముల్లు పైకి లేవవలెను. లేవలేదు, ఇంకొక గీత దిగెను. అప్పుడు నాకు సందేహము తీఱినది. తీఱియు చెప్పలేదు. తాతయ్య అప్పుడే నిద్రపోయినాడు. తప్పైనచో రేపు చెఱువుగట్టున ఏమందురో యని దుప్పటి కప్పుకొని పడుకొంటిని. కళ్ళములో దాళ్వా ధాన్యము నూర్చిన రాశి అట్లే యున్నది.

తెల్లవాఱగానే చెప్పితిని. అప్పటికి వాన మొదలై, బండి చక్రము చేలదారిలో దిగబడుచుండెను. తాతయ్య నా ముఖము చూచి, “రాత్రే చెప్పుంటే బండి కట్టేవాణ్ణి గదరా” అనెను. అంతకుమించి ఒక్కమాట యనలేదు. ఆ తరువాత తాను బ్రతికియున్నన్నాళ్ళు ఆ ప్రసంగమే తేలేదు.

ఉదయమే గ్రామాధికారులు వచ్చి అందఱు మండలకేంద్రములోని పెద్దబడికి పోవలెనని చెప్పిరి. నాయనమ్మ గేదెలను విడిచి కదలనని కూర్చుండెను. ఎవరెంత చెప్పినను వినలేదు. ఆమెకు అంకెలు రావు. నేను బారోమీటరును ఆమె ఒడిలో పెట్టి, “మొన్నటి ముల్లు ఇది, ఇవాళ్టి ముల్లు ఇది” అని రెండింటిని చూపితిని. ఇత్తడిముల్లునకు నల్లముల్లునకు నడుమ రెండువ్రేళ్ళ ఎడమున్నది. ఆమె కొంతసేపు చూచి, “ఇది ఇంకా దిగుతుందా?” అని యడిగెను. దిగునంటిని. లేచి, కొట్టములోనికి పోయి, గేదెల పలుపులు విప్పి, వాటి వీపులు తట్టి, మావెంట బయలుదేఱెను.

ఆ సాయంకాలము తుఫాను కృష్ణ సంగమప్రాంతముననే తీరము దాటెను. బడి గదిలో నూఱుమందిమి కూర్చుంటిమి. మెఱుపు మెఱిసినప్పుడెల్ల ఎవరో ముసలివారు “అర్జునా, ఫల్గుణా” అని అర్జునుని పేరులు చదువుచుండిరి. నేను రెండుమార్లు దీపముదగ్గఱ ముల్లు చూచి, మూడవమారు చూచుటకు భయమై తువ్వాలులో చుట్టివేసితిని. తిరిగి వచ్చునప్పటికి ఇంటికప్పు లేదు. ధాన్యము మొలకెత్తినది. గేదెలలో ఒకటి తానై వచ్చెను. బలములో 1977 నాటి తుఫానుకు తీసిపోనిదే యైనను ఈసారి పోయినవారు వేయికి లోపు. లక్షకు పైగా జనులను ముందే తరలించిరి. మునుపటి ఉప్పెన మఱవనివారు గనుక జనులును కదలిరి. మా ఊరిలో ప్రాణనష్టము లేదు.

ఇప్పుడు నేనీ బడిలోనే సైన్సు చెప్పుచున్నాను. మచిలీపట్టణములోను విశాఖపట్టణములోను డాప్లరు రాడారులు మబ్బు లోపలి వానను గాలిని గూడ చూచుచున్నవి. రాబోవు మూడుగంటలలో ఉఱుములు వచ్చునో లేదో వాతావరణశాఖవారు ఫోనునకే పంపుదురు. తుఫాను విషయమున బోర్డు వారితో పోటీపడుట హాస్యాస్పదము. కాని వారి హెచ్చరిక ఒక మండలమునకో జిల్లాకో. మన ఆటస్థలముమీదికి వచ్చు మబ్బును చూడవలసినవారు మనమే. మెఱుపు కనబడి ఉఱుము వినబడువఱకు లెక్కించుడు. మూడు సెకనులకు ఒక కిలోమీటరు. ముప్పదిలోపు వినబడినచో కప్పు క్రిందికి పోవలెను, చివరి ఉఱుము విన్న తరువాత అరగంటదాక బయటికి రాకూడదు. తాటిచెట్టు క్రింద నిలువరాదని వేఱుగ చెప్పనక్కఱలేదనుకొందును.

గత ఏప్రిలులో బోర్డుపని ఎనిమిదవ తరగతి విద్యార్థిని యొకతెకు వచ్చెను. ఫుట్‌బాలు ఆఖరిపోటీనాడు ఆమె మెఱుపునకు ఉఱుమునకు నడుమ ఇరువది లెక్కించి, “పిడుగులు పడవచ్చును, ఆట ఆపవలెను” అని వ్రాసి, నావద్దకు పరుగెత్తుకొని వచ్చెను. ఆట ఆపించితిని. మబ్బు మన యావరణకు దక్షిణముగా సాగిపోయెను. చినుకు గూడ పడలేదు. ఆటగాండ్రు ఆమెను ఏమనిరో మీకే తెలియును. మఱునాడు బోర్డు చూడబోతిని. వాన రావచ్చునని వ్రాసియుండెను గాని, అక్షరములు చీమలంతగా నుండెను, బోర్డు అడుగున, ఒక మూలను. నేను డస్టరు తెచ్చి దానిని తుడిచి, సుద్దముక్క ఆ అమ్మాయి చేతికిచ్చి, బోర్డంతయు నిండునట్లు మరల వ్రాయుమంటిని. ఆమె వ్రాసెను. ఆ సాయంకాలమును వాన రాలేదు.